లారీ తిప్పిన చోటు

పుట్టి బుద్ధెరిగాక ఇంటి దగ్గర లేకుండా గడిచిన మొదటి క్రిస్మస్ అది. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. పశ్చిమ ఒడిశాలో, బలాంగీర్ జిల్లా కాంటాబాంజీ స్టేషన్‌కి ఇరవై కిలోమీటర్ల లోపలున్న ఒక పల్లెలో మిషనరీగా చేరి రెండున్నర నెలలైంది. మాది బాపట్ల దగ్గర కాలవ పక్కన ఉన్న ఊరు. మా సంఘం నుంచి వేరే రాష్ట్రానికి సేవకు వెళ్లిన మొదటివాణ్ణి నేనే.

నన్ను సాగనంపిన ఆదివారం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కొత్తగా కట్టుకున్న గుడి. ఇంటికి వెయ్యి ఇటుకల చొప్పున చందా వేసుకుని లేపిన గోడలు. సున్నం వాసన ఇంకా పోలేదు. పాస్టరు గారు ఆ రోజు జాన్ రంగయ్య గారి గురించి చెప్పారు. 1860 నుంచి మద్రాసు ఓడల్లో ఒప్పందం కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్లు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో, చెరకు తోటల్లో, టీ తోటల్లో పనిచేసేవాళ్లు. వాళ్ల భాషలో నాలుగు మంచి మాటలు చెప్పే మనిషి కావాలని తెలిసి, 1903లో నెల్లూరు నుంచి రంగయ్య గారు కుటుంబంతో ఓడెక్కారు. ఆయన్ని పంపింది దొరలు కాదు, తెలుగు బాప్టిస్టులు తమలో తాము పెట్టుకున్న హోం మిషన్. ఆ సంవత్సరం డిసెంబరు 27న, అంటే క్రిస్మస్ వెళ్లిన రెండో రోజున, కియర్స్‌నీ టీ తోటలో అక్కడి మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది.

"కూలీల వెంట సముద్రం దాటి వెళ్లాడు. మన బిడ్డ కనీసం రాష్ట్రం దాటి వెళ్తున్నాడు" అన్నారు పాస్టరు గారు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. అమ్మ ముందు వరుసలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మా సంఘాలు పుట్టిందే కూలీల మధ్య. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన జనానికి పని ఇచ్చి కూలి ఇప్పించారు. మా ముత్తాత తండ్రి అక్కడ మట్టి తట్టలు మోశాడని మా ఇంట్లో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఇవన్నీ విని పెరిగినవాణ్ణి. అయినా ఆ ఆదివారం నా మనసుకు పట్టింది ఒక్క మాటే, దూరం. ఎంత దూరం వెళ్తే అంత గొప్ప సేవ అనుకున్నాను.

అక్టోబరులో బయల్దేరాను. బాపట్ల నుంచి విజయనగరం దాకా ఒక రైలు, అక్కణ్ణుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా కాంటాబాంజీకి మరో రైలు, తర్వాత బస్సు. ఇల్లు వదిలిన ఒకటిన్నర రోజుకు చేరాను. కాంటాబాంజీలో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే జాగా లేదు. బియ్యం మూటలు, సత్తు గిన్నెలు, చుట్టిన చాపలు, చంకల్లో పిల్లలు. నేను వచ్చిన వైపే వెళ్లే రైలు కోసం కాచుకుని కూర్చున్న జనం. నా పెట్టె వాళ్లకు తగలకుండా ఎత్తిపట్టుకుని, వాళ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ బయటికొచ్చాను. వీళ్లంతా ఎక్కడికి పోతున్నారో అని ఒక్క క్షణం అనిపించింది. అంతే, బస్సు వెతుక్కునే తొందరలో పడ్డాను.

పల్లెకు వెళ్లాక తెలిసింది. సగం ఇళ్లకు తాళాలు. పేడతో అలికిన గోడలు, మంగళూరు పెంకులు, ఆ చిన్న చిన్న తలుపులకు పెద్ద పెద్ద తాళాలు. నువాఖాయి పండగ వెళ్లాక కూలీలను కుదిర్చే సర్దార్లు అడ్వాన్సు డబ్బుతో ఊళ్లలోకి వస్తారు. ఆ డబ్బుతో పాత అప్పు తీరుతుంది, లేదా ఇంట్లో పెళ్లి జరుగుతుంది. బదులుగా మొగుడూ పెళ్లాం, పనికి అందొచ్చిన బిడ్డ కలిసి ఆరేడు నెలలు దూరదేశంలో పనిచేయాలి. అక్కడి వాళ్లు దాన్ని దాదన్ అంటారు. వానలు మొదలయ్యే ముందు గానీ తిరిగి రారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలేసిన చిన్న పిల్లలు.

నా పని ఆ పిల్లలతోనే. పొద్దున వాళ్ల భాష నేర్చుకోవడం, సాయంత్రం లాంతరు చుట్టూ కూర్చోబెట్టి వాళ్లకు చదువు చెప్పడం, జ్వరం వస్తే మందు ఇవ్వడం. నేను ఆంధ్రా నుంచి వచ్చానని తెలియగానే పిల్లలందరూ ఒకటే ప్రశ్న. "మా బువా ఆంధ్రాలోనే ఉన్నాడు. నువ్వు చూశావా సార్?" బువా అంటే వాళ్ల భాషలో నాన్న.

"ఆంధ్రా చాలా పెద్దదమ్మా" అని తల నిమిరేవాణ్ణి.

డిసెంబరు వచ్చేసరికి నాకు ఇంటి మీద బెంగ మొదలైంది. అది మామూలు బెంగ కాదు. మొదటి ఆదివారం నుంచే మా పేటలో పండగ వాతావరణం ఉంటుంది. వెదురు బద్దలు, రంగు కాగితాలతో యూత్ పిల్లలు స్టార్లు కడతారు. పశువుల పాక కోసం ఎండుగడ్డి మోస్తారు. ఇంటింటా అరిసెల పాకం వాసన. ఇక 24 రాత్రి క్యారల్స్. లారీకి సీరియల్ లైట్లు చుట్టి, మైకు కట్టి, డోలక్, తాళాలతో ఊరంతా తిరుగుతాం. గుడి గంట ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ప్రతి ఇంటి ముందూ ఆగడం, పాట పాడడం, ప్రార్థన చేయడం, వాళ్లు పెట్టిన టీ తాగడం. ఐదారేళ్లుగా ఆ మైకు నా చేతిలోనే ఉండేది. ఏ ఇంటి ముందు ఆగాలో డ్రైవరుకు చెప్పేదీ నేనే, కాలవ వంతెన దాటాక ఊరి చివర జాగా చూసి లారీ తిప్పించేదీ నేనే. ఈసారి ఆ మైకు ఎవరి చేతిలో ఉంటుందో అనుకుంటే గొంతులో ఏదో అడ్డం పడేది.

24 మధ్యాహ్నం పక్కింటి ముసలమ్మ కేకేసింది. ఆమె కూతురూ అల్లుడూ పెద్ద మనవరాలితో కలిసి దాదన్‌కి వెళ్లారు. తొమ్మిదేళ్ల చిన్న మనవరాలు ఆమె దగ్గర ఉంది. వెళ్లి చూస్తే కట్టెల పొయ్యి మీద మూకుడు, పక్కన బియ్యం పిండి, బెల్లం పాకం. అరచేతిలో ముద్ద పెట్టుకుని, వేలి కొసలతో అద్ది, నువ్వుల్లో దొర్లించి నూనెలో వదిలింది. అది బుస్సున పొంగి పైకి తేలింది. "ఇదేంటి అవ్వా?" అంటే "ఆరిసా" అంది. నేను మారు మాట్లాడలేకపోయాను. అదే పిండి, అదే పాకం, అదే పేరు. "బడదినానికి నువ్వు ఒక్కడివే ఉన్నావుగా, ఇంట్లో అయితే మీ అమ్మ చేసి పెట్టేది" అంది. బడదినం అంటే వాళ్లకు క్రిస్మస్. ఆమె మా విశ్వాసురాలు కాదు. పండగ పూట పక్కింటి కుర్రాడు ఒంటరిగా ఉన్నాడని ఇంట్లో ఉన్న కాస్త బెల్లం నా కోసం కరిగించింది.

సాయంత్రం పిల్లలందరికీ తలొకటి పంచి, లాంతరు ముందు క్రిస్మస్ కథ చెప్పాను. నజరేతులో యోసేపు అనే వడ్రంగి, నిండు నెలల మరియమ్మ. చక్రవర్తి జనాభా లెక్కలు రాయించమంటే కొండలూ లోయలూ దాటి బెత్లెహేముకు వెళ్లారు. సత్రంలో చోటు దొరకలేదు. పశువుల తొట్టిలో బిడ్డను పడుకోబెట్టారు. పిల్లలు గుడ్లప్పగించి విన్నారు.

కథ అయ్యాక ఆ తొమ్మిదేళ్ల పిల్ల అడిగింది. "సార్, వాళ్లూ దాదన్‌కి వెళ్లారా?"

ఎప్పటినుంచో చదువుతున్న కథ. ఎన్ని పండగల్లో చెప్పానో లెక్క లేదు. ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. "అలాంటిదేనమ్మా" అన్నాను. ఆ పిల్ల తృప్తిగా తలూపింది. అంత దూరం నడవడం, చోటు దొరక్కపోవడం, నేల మీద పడుకోవడం, అన్నీ దానికి తెలిసిన సంగతులే. చెప్పాల్సిన పనే లేకపోయింది.

రాత్రి తొమ్మిదికి ఫోన్ తీసుకుని చెరువు కట్టకు బయల్దేరాను. ఊళ్లో సిగ్నల్ లేదు. కట్ట మీది ఇప్పచెట్టు కింద నిలబడితే రెండు గీతలు వస్తాయి. ఆ పిల్ల, అవ్వ కూడా నా వెంట వచ్చారు. బువాతో మాట్లాడించమని పొద్దుటి నుంచీ ఒకటే గొడవ. నోటుబుక్కు చివరి పేజీలో పెన్సిల్‌తో రాసుకున్న నంబరు పట్టుకుని, తినకుండా దాచుకున్న సగం ఆరిసా రెండో చేతిలో పెట్టుకుని వచ్చింది. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి.

ముందు నేను అమ్మకు చేశాను. సరిగ్గా అప్పుడే క్యారల్స్ లారీ మా ఇంటి ముందుకొచ్చింది. "ఇదిగో నాన్నా, విను" అని అమ్మ ఫోన్ బయటికి చాపింది. డోలక్, తాళాలు, వెనక గుడి గంట. మైకులో మా పిన్ని కొడుకు గొంతు. "దూరాన సేవ చేస్తున్న మన అన్నయ్య కోసం ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. నాకు కన్నీళ్లు ఆగలేదు. కట్ట మీద నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. పక్కన ఆ పిల్ల నా చొక్కా అంచు పట్టుకుని మౌనంగా నిలబడింది. లారీ ముందుకు వెళ్లాక అమ్మతో కాసేపు మాట్లాడి పెట్టేశాను.

తర్వాత పిల్ల ఇచ్చిన నంబరు కలిపాను. రెండుసార్లు తెగిపోయి మూడోసారికి కలిసింది. వాళ్లమ్మతో, అక్కతో, బువాతో పది నిమిషాలకు పైగా మాట్లాడింది. ఏం తిన్నావు, జ్వరం తగ్గిందా, మేక ఈనిందా, అవే మాటలు. సగం ఆరిసా దాచానని చెప్పింది. చివరికి ఫోన్ నా చేతికిచ్చి, "బువా నీతో మాట్లాడతాడట" అంది.

"సార్ నమస్తే. మీరు తెలుగోళ్లంట కదా. నాకు కొంచెం కొంచెం వచ్చు సార్. పాపకి చదువు చెప్తున్నారంట, పుణ్యం సార్."

ఆ మాటకు నా మనసు నిండిపోయింది. "మీరు ఎక్కడున్నారు?" అన్నాను.

"ఇటుక బట్టీలో సార్. ఐదో సీజను ఇక్కడే." ఊరి పేరు చెప్పాడు. పలకడంలో సగం అక్షరాలు జారిపోయాయి. నేను సరిగా వినలేదనుకుని, "కాలవ ఉంటది, వంతెన ఉంటది, దాని పక్కన బట్టీ సార్. ఊళ్లో కొత్త చర్చి కట్టారు. ఆ చర్చి ఇటుకలు మేమే కోశాం, నేను, మా ఆడమనిషి, పెద్దపాప" అన్నాడు.

నేను ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను. అతని మాట వెనక ఒక గంట మోగుతోంది. ఇరవై ఏడేళ్లుగా వింటున్న గంట. కొద్దిసేపటి క్రితం అమ్మ ఫోన్‌లో విన్న గంట.

"ఇయ్యాల మీ పండగ కదా సార్. పాటల లారీ వస్తంది, వినండి" అన్నాడు. అమ్మ చేసినట్టే అతనూ ఫోన్ బయటికి చాపాడు.

డోలక్ వినిపించింది. తాళాలు వినిపించాయి. పాట దగ్గరికొచ్చింది, ఇంకా దగ్గరికొచ్చింది. బట్టీలోని పిల్లలు కేరింతలు కొడుతూ పరుగెత్తుతున్న చప్పుడు కూడా వినిపించింది. పాట ఆగింది. ఇంజను రొద. మైకు ఆపడం మరిచిపోయినట్టున్నారు, మా పిన్ని కొడుకు మాట మైకులోనే వచ్చింది.

"ఇక్కడ మనవాళ్లెవరూ లేరు. తిప్పెయ్ డ్రైవరన్నా, తిప్పెయ్."

అది వాడి మాట కాదు. నా మాట. ఐదారేళ్లుగా ఆ వంతెన దాటగానే మైకులో నేను అన్నదే, నా పక్కన నిలబడి విని నేర్చుకున్నాడు. నేను అన్నట్టే అన్నాడు.

ఇంజను రొద దూరమైంది. పాట మళ్లీ మొదలై, ఊరి వైపు వెళ్లిపోయింది.

"పాట మంచిగుంటది సార్" అన్నాడు అతను. గొంతులో ఫిర్యాదేమీ లేదు. "ప్రతి సంవత్సరం ఇక్కడి దాకా వస్తారు. మా గుడిసెల ముందే తిప్పుకుని పోతారు. పిల్లలు లైట్లు చూడ్డానికి బయటికొస్తారు."

ఆ లారీ హెడ్‌లైట్లు తిరిగేటప్పుడు గుడిసెలు కనిపించేవి. ముందు నిలబడిన మనుషులు కనిపించేవారు. పిల్లలు చేతులు ఊపేవాళ్లు. నేనూ ఒకటి రెండుసార్లు చెయ్యి ఊపాను. ఒరిస్సావాళ్లు అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు. కాలువ మట్టి మోసినవాడి మునిమనవడి కొడుకుని. ఇటుక మట్టి తొక్కేవాళ్ల ముందు లారీ తిప్పించాను. కూలీల వెంట సముద్రం దాటిన రంగయ్య గారి కథకు ఏడ్చినవాణ్ణి. కూలీలు మా ఊరికే వచ్చి కూర్చుంటే, కాంటాబాంజీ ప్లాట్‌ఫారం మీద వాళ్ల మధ్య నుంచే దారి చేసుకుని వాళ్ల ఊరికి వచ్చాను.

అవ్వనీ పిల్లనీ ఇంటికి పంపేసి అమ్మకు మళ్లీ ఫోన్ చేశాను. ఏం చెప్పానో నాకే సరిగా గుర్తులేదు. "అమ్మా, అరిసెలు మిగిలాయా?" అని మాత్రం అడిగాను. అమ్మ అంతా విని కాసేపు మాట్లాడలేదు. "సరే నాన్నా, ఉండు" అని పెట్టేసింది.

నేను ఇప్పచెట్టు కిందే కూర్చున్నాను. పన్నెండు కావస్తుండగా ఫోన్ మోగింది.

"వెళ్లొచ్చానురా. నీ తమ్ముణ్ణి కూడా లారీలోంచి దింపి తీసుకెళ్లాను. పదకొండు గుడిసెలున్నాయి. విడి ఇటుకలు పేర్చి పైన తాటాకు వేసుకున్నారు. మన గేదెల కొట్టం కూడా అంతకంటే ఎత్తుంటుంది. తలుపు తట్టి పిలుద్దామని చూశాను నాన్నా, తట్టడానికి తలుపులే లేవు. ఆ పిల్ల వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నా మాట దానికి రాదు, దాని మాట నాకు రాదు. అరిసె చేతిలో పెడితే మాత్రం చూసి నవ్వి, ఆరిసా అంది."

అమ్మ ఆగింది. ఊపిరి తీసుకుని మళ్లీ అంది.

"ఎంత దూరమో అనుకున్నానురా. పది నిమిషాలు కూడా పట్టలేదు."

ఆ తర్వాత నేను ఆ పల్లెలో మూడేళ్లు పనిచేశాను. లారీ ఇప్పుడు ఆ గుడిసెల ముందే మొదట ఆగుతుంది. క్రిస్మస్ నాడు ఇంటికి దూరంగా ఉన్నానని నేను మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు. మీ ఊరి క్యారల్స్ లారీ ఎక్కడ తిరుగుతుందో ఈసారి ఒక్కసారి దిగి చూడండి.

ఆ తొమ్మిదేళ్ల పిల్ల ఊరికి వెళ్లడానికి నాకు ఒకటిన్నర రోజు పట్టింది. వాళ్ల నాన్న గుడిసె మా ఇంటికి పది నిమిషాల నడక. అతను అక్కడ గడిపిన మొదటి నాలుగు క్రిస్మస్‌లకూ లారీ తిప్పించింది నేనే.